చేయి చాచినా తల వంచని పాటలు

అమెరికాలో 1927లో 10 కోట్లకు పైగా గ్రామఫోను రికార్డులు అమ్ముడుపోయాయనీ, 1932 నాటికి ఆ సంఖ్య సుమారు 60 లక్షలకు పడిపోయిందనీ ఆ పరిశ్రమ చరిత్ర రాసినవాళ్ళు సాధారణంగా చెబుతారు. 1929 అక్టోబరులో స్టాక్ మార్కెట్ కుప్పకూలిన తరువాత ఉద్యోగాలు పోయినవాళ్ళు 75 సెంట్లు పెట్టి రికార్డు కొనడం మానుకోవడం ఒక కారణమైతే, ఒకసారి రేడియో కొనుక్కున్న ఇంటికి పాటలు ఊరికే వచ్చిపడుతూ ఉండడం రెండో కారణం. 1877లోనే ఫోనోగ్రాఫును కనిపెట్టిన ఎడిసన్ కంపెనీయే ఆ అక్టోబరులో రికార్డుల వ్యాపారం నుంచి తప్పుకుంది. కొనేవాళ్ళు లేక కంపెనీలు ఒకదాని తరువాత ఒకటి చేతులెత్తేస్తున్న ఆ నాలుగైదేళ్ళలోనే, నేను మళ్ళీమళ్ళీ వినే అమెరికన్ పాటల్లో చాలా భాగం రికార్డయ్యాయి. వాటిలో కొన్నింటిని గురించి, అవి నాకెందుకు నచ్చుతాయో ఇక్కడ రాయాలని ఉంది.

ముందుగా నచ్చనివాటి సంగతి చెప్పి పక్కన పెడతాను. 1929లో మిల్టన్ ఏజర్ బాణీ కట్టగా జాక్ యెల్లెన్ రాసిన ‘హ్యాపీ డేస్ ఆర్ హియర్ అగైన్’ను 1932 అధ్యక్ష ఎన్నికలలో రూజ్‌వెల్ట్ పక్షం తన ప్రచారగీతంగా చేసుకుంది. చరిత్ర తెలుసుకోవడానికి ఆ పాట పనికివస్తుంది కానీ, రోగి మంచం పక్కన నిలబడి గట్టిగా నవ్వుతూ “అబ్బే, నీకేమీ లేదు” అనే చుట్టంలాగా నాకది ఒకటిన్నర నిమిషం దాటితే విసుగు పుట్టిస్తుంది. దీనికి సరిగ్గా ఎదురుగా, తన దురదృష్టాన్ని తలుచుకుని తానే కరిగిపోయే కన్నీటి పాటలు ఆ రోజుల్లో కోకొల్లలుగా వచ్చాయి. అవీ నాకు సహించవు. నాకు కావలసింది ఈ రెండూ కాని మూడో రకం. కష్టం ఉందని ఒప్పుకుంటూనే గొంతు నిబ్బరంగా నిలబెట్టుకునేవి, అవసరమై చేయి చాచినా తల వంచనివి.

అటువంటి పాటల్లో అందరికీ తెలిసింది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ‘బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్?’ అనేది. డైమ్ అంటే పది సెంట్ల నాణెం. రాసిన యిప్ హార్బర్గ్ అంతకుముందు విద్యుత్ పరికరాల వ్యాపారం చేసేవాడు. మార్కెట్ పతనంలో ఆ వ్యాపారం దివాలా తీయగా, చిన్ననాటి స్నేహితుడు, పాటల రచయిత ఐరా గెర్ష్విన్ ప్రోత్సాహంతో పాటల రచనలోకి వచ్చాడు. బాణీ కట్టిన జే గోర్నీ అప్పటి రష్యన్ సామ్రాజ్యంలోని బియాలిస్టాక్ పట్టణంలో పుట్టి, బాల్యంలో కుటుంబంతో అమెరికా చేరిన యూదుడు. చిన్నప్పుడు విన్న ఒక జోలపాటే ఈ బాణీకి మూలమని చెప్పాడు. మన చెవికి కీరవాణి, నటభైరవి ఛాయలు తట్టే మైనర్ స్వరాల్లో సాగే ఈ పాట 1932 అక్టోబరులో న్యూయార్కులో ‘అమెరికానా’ అనే సంగీత ప్రదర్శనలో మొదటిసారి వినబడింది. ప్రదర్శన ఎక్కువ కాలం ఆడలేదు కానీ, అదే నెల చివరి వారంలో కేవలం రెండు రోజుల తేడాతో బింగ్ క్రాస్బీ బ్రన్స్‌విక్ కంపెనీకీ, రూడీ వాలీ కొలంబియా కంపెనీకీ దీన్ని పాడి ఇచ్చారు. రెండు రికార్డులూ జనంలోకి బాగా వెళ్ళాయి.

పాటలోని మనిషి ముష్టివాడు కాడు. రైలు మార్గం వేశానంటాడు, ఆకాశాన్నంటే గోపురం కట్టానంటాడు, యుద్ధంలో ఖాకీ బట్టలు వేసుకుని బురదలో నడిచానంటాడు, చివరకు అవతలి మనిషికి తన పేరు గుర్తుచేసి, మనం స్నేహితులం కామా అని అడుగుతాడు. కట్టినవాడికి కట్టినదాంట్లో వాటా ఏమైందన్నది అతని ప్రశ్న. తన పాటలోని మనిషి అడుక్కోవడం లేదని, జరిగిందేమిటో అర్థంకాక నిలదీస్తున్నాడని హార్బర్గే తరువాతి కాలంలో వివరించాడు. ఖాకీ బట్టల ప్రస్తావన ఆనాటి శ్రోతలకు ఎలా తగిలి ఉంటుందో ఊహించాలంటే ఆ వేసవిలో జరిగినదాన్ని గుర్తుచేసుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన మాజీ సైనికులు తమకు రావలసిన బోనస్ సొమ్ము ముందుగా ఇమ్మని వేల సంఖ్యలో వాషింగ్టన్ చేరి గుడిసెలు వేసుకుని కూర్చుంటే, జూలై 28న మెకార్థర్ నాయకత్వంలో సైన్యమే వచ్చి వాళ్ళను తరిమివేసింది. మూడు నెలలైనా గడవకముందే ఈ పాట వచ్చింది.

క్రాస్బీ, వాలీల రికార్డులను ఒకదాని వెంట ఒకటి వినడం నాకొక వ్యసనం. ఇద్దరూ మైక్రోఫోను పుట్టించిన గాయకులే. 1925లో విద్యుత్ రికార్డింగు రాకముందు గాయకుడు పెద్ద కొమ్ములాంటి గొట్టంలోకి గొంతు చించుకుని పాడవలసివచ్చేది. మైకు వచ్చాక చెవి దగ్గర మాట్లాడినట్టు పాడడం సాధ్యమైంది. వాలీ గొంతు సన్నం, ఉచ్చారణ స్పష్టం, మర్యాద కాస్త ఎక్కువ. కష్టాల్లో ఉన్న మనిషిని గురించి మరెవరో సానుభూతితో చెబుతున్నట్టు ఉంటుంది. క్రాస్బీ పాడితే ఆ మనిషే మాట్లాడతాడు. మొదట మామూలు సంభాషణలా, దాదాపు నిర్లక్ష్యంగా ఎత్తుకుంటాడు. రైలు మార్గం సంగతి చెబుతున్నప్పుడు మెట్లు ఎక్కుతూ పోయే స్వరాలతోపాటు గొంతులో పాత గర్వం కొంచెం కొంచెంగా మేలుకుంటుంది. సైనికుల ప్రస్తావనలో వాద్యబృందం కవాతు నడకలోకి మారినప్పుడు ఆ గర్వం కోపంగా తిరుగుతుంది. చివరి పిలుపులో గొంతు పైకి లేస్తుంది కానీ వణకదు. ఆ వణకకపోవడమే నాకు ముఖ్యం. అప్పటికి క్రాస్బీ వయస్సు 29. తరువాత నలభై ఏళ్ళకు పైగా హాయిగా, తేలిగ్గా ఎన్నో వందల పాటలు పాడాడు కానీ, వాటిలో దేన్నీ నేను దీని పక్కన పెట్టలేను.

ఇంతకన్నా మూడేళ్ళ ముందే, మార్కెట్ పడిపోయి నిండా ఆరువారాలైనా కాకముందే, 1929 డిసెంబరు 4న వెస్ట్ వర్జీనియాకు చెందిన అంధుడైన ఫిడేలు కళాకారుడు బ్లైండ్ ఆల్ఫ్రెడ్ రీడ్ న్యూయార్కులో విక్టర్ కంపెనీకి ‘హౌ కెన్ ఎ పూర్ మ్యాన్ స్టాండ్ సచ్ టైమ్స్ అండ్ లివ్?’ అనే పాట పాడాడు. పేదవాడు ఇటువంటి రోజులు ఎలా తట్టుకుని బతకాలన్నది పల్లవి. సరుకుల ధరలు, డబ్బు కోసమే బోధించే మతబోధకులు, అకారణంగా కాల్చే పోలీసులు, రోగం కుదర్చని డాక్టర్లు, ఒక్కొక్కరినీ వరుసగా పిలిచి లెక్క అడుగుతాడు. న్యూయార్కు బ్యాంకర్లకు 1929 అక్టోబరులో తెలిసివచ్చిన మాంద్యం కొండప్రాంతపు రైతులకూ గనికార్మికులకూ ఆ దశాబ్దమంతా తెలుసునన్న సంగతి ఈ పాట వింటే అర్థమవుతుంది. ఇన్ని ఆరోపణలు చేస్తున్నా రీడ్ గొంతులో ఉద్రేకం ఉండదు. పద్దు చదివే కరణంలా ఒకే శ్రుతిలో చెప్పుకుంటూ పోతాడు, కోపమంతా ఫిడేలుకు వదిలేస్తాడు.

అందరూ కొన్న క్రాస్బీ రికార్డుకూ, ఎవరూ కొనని స్కిప్ జేమ్స్ రికార్డుకూ మధ్య రెండేళ్ళ దూరం కూడా లేదు. జేమ్స్‌ది మిసిసిపీ రాష్ట్రంలోని బెంటోనియా. 1931 ఫిబ్రవరిలో, 28 ఏళ్ళ వయస్సులో, రైలెక్కి ఉత్తరాన విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రాఫ్టన్ అనే చిన్న ఊరికి వెళ్ళి పారమౌంట్ కంపెనీకి కొన్ని పాటలు పాడి ఇచ్చాడు. వాటిలో 18 పాటలు నేటికి మిగిలాయి. ఈ పారమౌంట్‌కు సినిమా కంపెనీతో సంబంధం లేదు. ఇది ఒక కుర్చీల కంపెనీకి చెందినది! విస్కాన్సిన్ చెయిర్ కంపెనీ గ్రామఫోను పెట్టెలు కూడా తయారుచేసేది. పెట్టెలు అమ్ముడుపోవాలంటే పాటలు ఉండాలి కాబట్టి రికార్డులు వేయడం మొదలుపెట్టింది. నల్లజాతి శ్రోతలకోసం ఆ కంపెనీ చౌకగా, నాసిరకం ముడిసరుకుతో అచ్చుపోసిన రికార్డుల మీదే చార్లీ ప్యాటన్, గీషీ వైలీ, స్కిప్ జేమ్స్ వంటివారి పాటలు మనకు దక్కాయి. 1932లో కంపెనీ రికార్డింగు ఆపివేసింది. తరువాతి కాలంలో లోహపు మూలఅచ్చులు చాలావరకు తుక్కు కింద పోయాయి. అందువల్ల మనం ఈనాడు వింటున్నది ఎవరి ఇంట్లోనో అరిగిపోగా మిగిలిన ఒకటి రెండు ప్రతులనుంచి ఎక్కించుకున్న ధ్వని. పాట వెనుక పెనం మీద నూనె చిటపటలాడినట్టు వినిపించే శబ్దానికి కారణం అదే.

ఆ 18లో ‘హార్డ్ టైమ్ కిల్లింగ్ ఫ్లోర్ బ్లూస్’ ఒకటి. గిటారు తీగలను మైనర్ శ్రుతిలో కట్టుకుని, మగగొంతు మామూలుగా పోని ఎత్తులో, పలుచని కీచుగొంతుకు ఒక మెట్టు మాత్రమే కింద నిలబడి పాడతాడు. ఎక్కడికి వెళ్ళినా కష్టకాలమే ఎదురవుతుందనీ, మనుషులు ఇంటింటికీ తిరుగుతున్నారనీ, కబేళా నేల మీద ఉన్నట్టుందనీ నాలుగైదు మాటల్లో చెప్పి, మిగిలినదంతా కూనిరాగానికి వదిలేస్తాడు. ఆ కూనిరాగం దగ్గర పాట నిజంగా మొదలవుతుందని నా అభిప్రాయం. రికార్డులు అమ్ముడుపోలేదు, జేమ్స్ పాట మానేసి మతబోధన వైపు వెళ్ళిపోయాడు. 1964లో ముగ్గురు యువ అభిమానులు వెతుక్కుంటూ వెళితే మిసిసిపీలోని ట్యునికా ఆసుపత్రిలో కనిపించాడు. ఆ వేసవిలోనే న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో పాడాడు. అప్పటి రికార్డులు ధ్వనిపరంగా ఎంతో శుభ్రంగా ఉంటాయి. అయినా నేను 1931 నాటి చిటపటలనే వింటాను, గొంతులో అప్పటి చలి తరువాతివాటిలో లేదు కాబట్టి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఆ కాలపు రికార్డులు దాదాపు అన్నీ లక్కతో చేసినవి. రాతిపొడి, నల్లరంగు వంటివి కలిపిన మిశ్రమానికి పట్టునిచ్చేది లక్క. ప్రపంచానికి కావలసిన లక్కలో అత్యధిక భాగం మన దేశపు అడవులనుంచి, ముఖ్యంగా ఛోటానాగపూర్ ప్రాంతంలో మోదుగ, రేగు వంటి చెట్లకు పట్టే పురుగులనుంచి వచ్చి, కలకత్తా రేవు మీదుగా ఓడలెక్కేది. మిసిసిపీ కూలీ పాట విస్కాన్సిన్‌లో అచ్చయిన పళ్ళెంలో మన ఆదివాసుల చెమట కూడా కొంత కలిసి ఉందన్నమాట. పది అంగుళాల పళ్ళెంలో ఒక వైపు మూడు నిమిషాలకు పెద్దగా మించి పట్టదన్న నియమం కూడా అందరికీ ఒకటే: అదే రోజుల్లో మన రంగస్థల నటులు ఎంతసేపైనా సాగదీయగల పద్యరాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించుకున్నట్టే వాళ్ళూ కుదించుకున్నారు. మైనం మీద ముల్లు గీస్తూ పోతుంది; తప్పు వస్తే మధ్యలో అతికించడానికి వీల్లేదు, మొదటినుంచి మళ్ళీ పాడవలసిందే.

జిమ్మీ రోడ్జర్స్ విషయానికి వస్తే, రైల్వేలో బ్రేకులవాడిగా పనిచేసి, క్షయరోగం వల్ల ఆ ఉద్యోగం మానుకుని పాటగాడైన తెల్లజాతి మనిషి అతడు. ఛాతీ గొంతునుంచి ఒక్క దూకుతో సన్నని పైగొంతుకు వెళ్ళి తిరిగివచ్చే యోడెల్ పద్ధతిని నల్లజాతివారి బ్లూస్ అనే పాటల తీరుతో కలిపి ‘బ్లూ యోడెల్’ పేరుతో వరుసగా పాటలు చేశాడు. 1930 జూలై 16న హాలీవుడ్‌లో తొమ్మిదోది రికార్డు చేస్తున్నప్పుడు ట్రంపెట్ వాయించింది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో మీద ఉన్నది ఆయన భార్య లిల్ హార్డిన్. తెల్లవాళ్ళ పల్లెపాటలనూ నల్లవాళ్ళ పాటలనూ కంపెనీలు వేర్వేరు వరుసల్లో, వేర్వేరు జాబితాల్లో అమ్ముతున్న రోజులవి. రికార్డు మీది కాగితంపై ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతుల పేర్లు లేవు. పాట మెంఫిస్ వీధి మూల నిలబడినవాణ్ణి పోలీసు నిలదీయడంతో మొదలవుతుంది. రోడ్జర్స్ తాళం విషయంలో స్వేచ్ఛ తీసుకునే మనిషి, ఒకచోట మాత్ర పెంచుతాడు, ఒకచోట తగ్గిస్తాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని సరిదిద్దడానికి ప్రయత్నించకుండా, అతడు వదిలిన ఖాళీల్లోకి ట్రంపెట్‌తో ఒదిగిపోతూ జవాబు చెబుతాడు. ఎవరి పాట వారు వదులుకోకుండా ఎదుటివాడి పాటకు చోటివ్వడం ఇంత చక్కగా జరిగిన రికార్డు నాకు మరొకటి తెలియదు. నలభై ఏళ్ళ తరువాత, 1970లో, ఆర్మ్‌స్ట్రాంగ్ ఇదే పాటను టెలివిజన్‌లో జానీ క్యాష్‌తో కలిసి మళ్ళీ వాయించాడు.

రోడ్జర్స్ 1931 జనవరిలో తన రోగం మీదనే ‘టి.బి. బ్లూస్’ పాడాడు. సింహంలా పోరాడుతున్నాననీ, ఓడిపోయేలాగే ఉందనీ, సమాధిలో ముఖం మీద మట్టి పోస్తారనీ వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పి, చివర యోడెల్ పాడతాడు. 1933 మే నెలలో న్యూయార్కు స్టూడియోలో మంచం వేయించుకుని, ఒక్కో పాటకూ మధ్య దాని మీద పడుకుని లేచి పాడుతూ చివరి రికార్డులు పూర్తిచేశాడు. ఆ తరువాత రెండు రోజులకే, మే 26న, 35 ఏళ్ళ వయస్సులో చనిపోయాడు. ఆ చివరి పాటలు నాకు అంతగా పట్టవు. కథ తెలిసి వినడంవల్ల పాటను వదిలి శ్వాసను వింటాము.

మాటలు లేని పాట ఒక్కటైనా ఉండాలి కాబట్టి డ్యూక్ ఎల్లింగ్టన్ 1930 అక్టోబరులో రికార్డు చేసిన ‘మూడ్ ఇండిగో’. న్యూయార్కులోని నల్లజాతి పేట హార్లెమ్‌లో, నల్లవాళ్ళు వాయిస్తుంటే తెల్లవాళ్ళు మాత్రమే కూర్చుని వినే కాటన్ క్లబ్‌లో అప్పటికి ఆయన వాద్యబృందం పనిచేసేది. ఇందులో ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్ మూడూ కలిసి బాణీ ఎత్తుకుంటాయి. మామూలుగా క్లారినెట్ పైస్థాయిలో, ట్రాంబోన్ కింద ఉండాలి. ఎల్లింగ్టన్ ఆ వరుసను తిరగేసి, మూతి మూసిన ట్రంపెట్, ట్రాంబోన్లను పైన దగ్గరదగ్గరగా పెట్టి, బార్నీ బిగార్డ్ క్లారినెట్‌ను మంద్రస్థాయి అట్టడుగుకు దింపాడు. ఈ కలయిక మైకులో పడినప్పుడు ఎవరూ వాయించని నాలుగో స్వరమేదో వినిపిస్తున్న భ్రమ కలుగుతుంది, దాన్ని ఆయన కావాలనే వాడుకున్నాడు. అదే ఏడాది ఆయన బృందం ‘హార్లెమ్ హాట్ చాకొలేట్స్’ అనే మారుపేరుతో వాయించిన ఒక వింత వస్తువు కూడా ఉంది: దళసరి కాగితం మీద డ్యూరియం అనే రెసిన్ పూసి, ఒక వైపు మాత్రమే పాట వేసి, పత్రికల దుకాణాల్లో వారానికొకటి చొప్పున 15 సెంట్లకు అమ్మిన ‘హిట్ ఆఫ్ ది వీక్’ రికార్డు. 1932లో అవీ ఆగిపోయాయి.

ఈథెల్ వాటర్స్ 1933 మేలో పాడిన ‘స్టార్మీ వెదర్’, క్యాబ్ క్యాలవే 1931 మార్చిలో కేకలతో హోరెత్తించిన ‘మినీ ద మూచర్’, ఆర్మ్‌స్ట్రాంగ్ 1931 నవంబరులో బాణీని దాదాపు ఒకే స్వరానికి కుదించి మళ్ళీ కట్టిన ‘స్టార్‌డస్ట్’ ఒక్కొక్కటీ ఒక్కో వ్యాసానికి సరిపడేవి. ఇక్కడ పేర్లతో సరిపెడుతున్నాను, ఎందుకంటే బ్లూస్ గాయని బెస్సీ స్మిత్‌కు చోటు కావాలి.

ఆమె ‘నోబడీ నోస్ యూ వెన్ యూ ఆర్ డౌన్ అండ్ అవుట్’ను రికార్డు చేసింది 1929 మేలో; అది దుకాణాలకు వచ్చింది సెప్టెంబరులో, పతనానికి కొన్ని వారాల ముందు. పాట అప్పటికే పాతది, జిమ్మీ కాక్స్ 1923లో రాసినది. ఒకప్పుడు కోటీశ్వరుడిగా స్నేహితులందరికీ మద్యం పోయించినవాడు చేతిలో కాసు లేనినాడు ఒంటరివాడవుతాడన్నది విషయం. రెండో ఆవృత్తిలో బెస్సీ కొన్ని మాటలు మింగేసి, వాటి స్థానంలో కూనిరాగం పెడుతుంది. స్కిప్ జేమ్స్ రెండేళ్ళ తరువాత చేసిందీ అదే. ఇద్దరికీ పరిచయం లేదు, సంప్రదాయాలూ వేరు, కానీ మాట చెప్పలేనిచోట నోరు మూసుకుని పాడాలని ఇద్దరికీ తెలుసు.

1931లో కొలంబియా కంపెనీ ఆమెను వదులుకుంది. 1933 నవంబరు 24న రికార్డుల నిర్మాత జాన్ హామండ్ పూనికతో ఓకే కంపెనీకోసం ఆమె పాడిన నాలుగు పాటలే ఆమె చివరి రికార్డులు, పాటకు 37.50 డాలర్ల చొప్పున ఇచ్చారు. అందులో ‘గిమ్మీ ఎ పిగ్‌ఫుట్’ హార్లెమ్‌లో అద్దె డబ్బులకోసం ఇంట్లోనే విందు పెట్టి, వచ్చినవాళ్ళ దగ్గర ప్రవేశ రుసుము తీసుకునే ఆనాటి అలవాటును గుర్తుచేసే పాట. పంది కాలు ముక్క, ఒక సీసా బీరు తెమ్మని గదమాయిస్తుంది. జాక్ టీగార్డెన్ ట్రాంబోన్, చూ బెర్రీ శాక్సఫోన్ ఆమె వెనుక హుషారుగా పరుగెడుతుంటే, ఆమె మాత్రం తొందరపడదు. ఒక్కో మాటనూ లయకు కాస్త వెనుకగా, తన వీలు చూసుకుని దింపుతుంది. మూడు రోజుల తరువాత అదే హామండ్, బిల్లీ హాలిడే అనే 18 ఏళ్ళ అమ్మాయి చేత బెన్నీ గుడ్‌మన్ బృందంతో మొదటి రికార్డు పాడించాడు. ఆ మొదటి పాటలో హాలిడే గొంతు ఇంకా తడబడుతూ ఉంటుంది, ఆమె గొప్ప పాటలన్నీ తరువాతవే. బెస్సీ నాలుగు పాటల్లో ఎక్కడా తడబాటు లేదు. ఈ రోజుల రికార్డులు ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను క్రాస్బీ పేరు చెబుతాను; తరువాత ఏది అంటే ఈ నాలుగు పాటలూ వరుసగా వినమంటాను.